కోర్టుల హద్దు ఎక్కడ?
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ వ్యవహారాలలో న్యాయస్థానాలు ఎంతవరకు జోక్యం చేసుకోవచ్చు, ఎక్కడ ఆగాలి అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు మమ్మల్ని కోరారు. ఇది వకీళ్ళ విషయం, మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. కాని మన పిల్లవాడికి ఇంజనీరింగు సీటు నిలిచేదీ పోయేదీ కోర్టు మాట మీద ఆధారపడి ఉన్నది. విడాకులు పొందిన మన ఆడబిడ్డకు మనోవర్తి వచ్చేదీ రానిదీ కోర్టు మాట మీదనే ఉన్నది. కనుక ఇది మన ఇళ్ళలోని విషయమే.

న్యాయమూర్తులలో పూర్వం నుంచీ రెండు రకాల ఆలోచనలున్నాయి. ఒక వర్గంవారు ఇలా అంటారు: చట్టాలు చేయడానికి ప్రజలు ఓట్లు వేసి శాసనసభను ఎన్నుకున్నారు. జడ్జీలను ఎవరూ ఎన్నుకోలేదు. కాబట్టి చట్టం మంచిదా చెడ్డదా అని చూడడం జడ్జీ పని కాదు. రాజ్యాంగంలోని మాటకు స్పష్టంగా విరుద్ధమైతే తప్ప దాని జోలికి పోరాదు. దీనిని సంయమన వాదం అందాం. రెండవ వర్గంవారు ఇలా అంటారు: రాజ్యాంగం అంటే అక్షరాలు మాత్రమే కాదు, దాని వెనుక ఒక ఉద్దేశముంది. బలవంతుడు బలహీనుణ్ణి తొక్కుతుంటే, ప్రభుత్వం ఊరకుంటే, కోర్టు చేతులు ముడుచుకుని కూర్చోరాదు. దీనిని క్రియాశీల వాదం అంటున్నారు.

వినడానికి రెండవది బాగుంటుంది. కాని తొందరపడవద్దు. అమెరికాలో జరిగినది వినండి. న్యూయార్కు రాష్ట్రంవారు రొట్టెల బట్టీలలో పనివాళ్ళకు రోజుకు 10 గంటలు, వారానికి 60 గంటలకు మించి పని ఉండరాదని చట్టం చేశారు. 1905లో అక్కడి సుప్రీంకోర్టు, యజమాని పనివాడు తమలో తాము ఒప్పందం చేసుకునే స్వేచ్ఛకు ఇది భంగం అంటూ ఆ చట్టాన్ని 5-4 తేడాతో కొట్టివేసింది. కోర్టు క్రియాశీలంగానే పనిచేసింది, కాని పనివాడికి వ్యతిరేకంగా. జస్టిస్ హోమ్స్ అనే ఆయన విభేదించి, జడ్జీలు తమ ఆర్థిక అభిప్రాయాలను రాజ్యాంగంలోకి చొప్పించరాదనే ధోరణిలో తీర్పు వ్రాశారు. ఆ దేశంలో కోర్టు తన దారి మార్చుకోవడానికి 1937 దాకా పట్టింది.

మన రాజ్యాంగం వ్రాస్తున్నప్పుడు ఈ అనుభవం మనవాళ్ళ కళ్ళ ముందున్నది. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావుగారు 1947లో అమెరికా వెళ్ళి అక్కడి జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిసి వచ్చారు. ఆ తర్వాత ‘డ్యూ ప్రాసెస్’, అంటే న్యాయమైన పద్ధతి అనే మాట ముసాయిదా నుంచి పోయి, ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ అనే మాట వచ్చింది. ఈ రెండింటికీ తేడా చిన్నది కాదు. మొదటి మాట ఉంటే, ఆ పద్ధతి న్యాయమైనదేనా అని కోర్టు అడగవచ్చు. రెండవ మాట ఉంటే, చట్టంలో ఉన్నదా లేదా అని చూసి ఊరుకోవాలి. కాజీ సయ్యద్ కరీముద్దీన్, జెడ్.హెచ్. లారీ వంటి సభ్యులు మొదటి మాటే కావాలని రాజ్యాంగ సభలో వాదించారు. డాక్టర్ అంబేద్కర్ 1948 డిసెంబరులో రెండు వైపులా ప్రమాదమున్నదని వివరించారు. శాసనసభలో మెజారిటీ పార్టీ అన్యాయమైన చట్టం చేయవచ్చు; ఐదారుగురు జడ్జీలు తమ సొంత అభిప్రాయంతో మంచి చట్టాన్ని కొట్టివేయవచ్చు. తేల్చే భారం ఆయన సభకే వదిలారు. చివరికి రెండవ మాటే నిలిచింది.

రాజ్యాంగం అమలులోకి వచ్చిన సంవత్సరమే, అంటే 1950లో, దీనికి పరీక్ష వచ్చింది. కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్‌ను విచారణ లేకుండా నిర్బంధ చట్టం కింద మద్రాసు ప్రభుత్వం జైల్లో ఉంచింది. చట్టం ఉన్నది, దాని ప్రకారం జరిగింది, అంతకు మించి మేము చూడము అన్నారు ఎక్కువమంది జడ్జీలు. జస్టిస్ సయ్యద్ ఫజల్ అలీ మాత్రం ఒప్పుకోలేదు. మనిషిని నిర్బంధించాలంటే అతనికి నోటీసు ఇవ్వాలి, అతను చెప్పుకునేది వినాలి, పక్షపాతం లేనివారు విచారించాలి, ఇవి లేనిది పద్ధతే కాదని ఆయన వ్రాశారు. తెలుగువారికి ఫజల్ అలీ అంటే 1953లో వేసిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషనే జ్ఞాపకం వస్తుంది. ఆయన వ్రాసిన ఈ భిన్నాభిప్రాయ తీర్పు అంతకంటే తక్కువది కాదని మా అభిప్రాయం.

మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు కూడా ఇలాంటివారే. పోలీసులు నిఘా పేరుతో రాత్రిళ్ళు ఇంటి తలుపు తట్టి లోపలికి రావచ్చునా అనే కేసు 1962లో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చింది. రాత్రిపూట రావడం మాత్రం తప్పు, మిగతా నిఘా సరే అన్నారు ఎక్కువమంది. సుబ్బారావుగారు, జస్టిస్ షాతో కలిసి, మనిషి ఏకాంతం కూడా అతని స్వేచ్ఛలో భాగమే కనుక ఆ నిఘా నియమం మొత్తం చెల్లదన్నారు. 55 సంవత్సరాల తర్వాత, 2017 ఆగస్టు 24న, తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పి, ఆ వైపే నిలబడ్డారు.

సుబ్బారావుగారే ప్రధాన న్యాయమూర్తిగా 1967లో గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని 6-5 తేడాతో తీర్పు చెప్పారు. భూసంస్కరణలకు కోర్టు అడ్డు వస్తున్నదని అప్పట్లో పెద్ద గొడవ అయింది. ఆ గొడవలో న్యాయం లేదని అనలేము. జమీందారీ భూముల కేసులలో కోర్టులు ఆస్తి గలవారి మాట ఎక్కువగా విన్నాయని పేదల తరఫు నాయకులు చాలామంది నమ్మారు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీలు 7-6 తేడాతో మధ్యమార్గం తేల్చారు. పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించవచ్చు, కాని దాని మౌలిక స్వరూపాన్ని చెరపరాదు అన్నారు. ఆ ఏడుగురిలో మన హైదరాబాదుకు చెందిన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డిగారు ఒకరు. ఒక్క జడ్జీ అటు మొగ్గితే ఈనాడు రాజ్యాంగం వేరుగా ఉండేది.

ఆ తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. వేలమందిని విచారణ లేకుండా జైళ్ళలో పెట్టారు. ఎమర్జెన్సీ ఉన్నా నిర్బంధం అక్రమమైతే విడిపించమని అడిగే హక్కు ఉన్నదని తొమ్మిది హైకోర్టులు చెప్పాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు 4-1 తేడాతో ఆ హక్కు లేదన్నది. ఆ నలుగురిలో ఒకరైన జస్టిస్ ఎం.హెచ్. బేగ్, నిర్బంధితులను ప్రభుత్వం ఇంచుమించు కన్నతల్లిలా చూసుకుంటున్నదనే అర్థం వచ్చేట్లు వ్రాశారు. కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. 1977 జనవరిలో సీనియారిటీ ప్రకారం ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి జస్టిస్ బేగ్‌కు ఇచ్చారు. ఖన్నా రాజీనామా చేశారు. ఆ 1976 తీర్పును 2017లో సుప్రీంకోర్టే తప్పని కొట్టివేసింది.

సోదరులారా, ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలని ఉంది. జడ్జీ పేరు చూసి మనవాడు, పరాయివాడు అని లెక్క వేసుకునే అలవాటు అన్ని వర్గాలలో ఉన్నది, మన వర్గంలోనూ ఉన్నది. ఫజల్ అలీ పేరూ మనదే, బేగ్ పేరూ మనదే. నిర్బంధితుడి పక్షాన ఆరోజు నిలిచినవాడు ఖన్నా. చూడవలసింది పేరు కాదు, ఆలోచన.

ఎమర్జెన్సీ పోయాక కోర్టు ధోరణి మారింది. 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో, చట్టం నిర్దేశించిన పద్ధతి న్యాయంగా, సమంజసంగా కూడా ఉండాలని తీర్పు వచ్చింది. ఫజల్ అలీ 28 సంవత్సరాల ముందు చెప్పిన దానికి అప్పటికి కోర్టు చేరుకుంది. 1979లో బీహారు జైళ్ళ సంగతి పత్రికలో చదివి న్యాయవాది కపిలా హింగోరానీ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువకాలం, విచారణే లేకుండా జైల్లో మగ్గుతున్నవారున్నారని తేలింది. జామీను కట్టడానికి వాళ్ళ దగ్గర డబ్బు లేదు, వకీలు లేడు. సత్వర విచారణ ప్రాథమిక హక్కు అని జస్టిస్ భగవతి తీర్పిచ్చారు. ఆ కేసు హుస్సేనారా ఖాతూన్ అనే మహిళా ఖైదీ పేరు మీద చరిత్రలో నిలిచింది. 1981లో ఎస్.పి. గుప్తా కేసు తర్వాత, కోర్టుకు రాలేని పేదవాడి తరఫున ఎవరైనా రావచ్చు అనే పద్ధతి స్థిరపడింది.

ఇంతవరకు విన్నవారికి కోర్టు ఎంత చొరవ చూపితే అంత మంచిదని అనిపించవచ్చు. ఇప్పుడు మన ఇంటి కేసుకు వద్దాం.

ఇండోరులో షాబానో అనే అరవై దాటిన తల్లి 1978లో మనోవర్తి కోసం కోర్టుకెక్కింది. భర్త పేరున్న వకీలు. మేజిస్ట్రేటు నెలకు 25 రూపాయలిమ్మన్నారు. హైకోర్టు దానిని 179 రూపాయల 20 పైసలు చేసింది. 1985 ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు ఆ మొత్తాన్నే ఖాయం చేసింది. గొడవ డబ్బు గురించి కాదు. ఆ తీర్పులో జడ్జీలు ధర్మగ్రంథానికి తామే అర్థం చెప్పారు, ఉమ్మడి పౌరస్మృతి గురించి హితబోధ చేశారు. కేసు తేల్చడానికి అవి అవసరమా అని అడిగినవారి ప్రశ్న సబబైనదే. సంయమన వాదులు కూడా అదే ప్రశ్న వేస్తారు. 1986లో పార్లమెంటు వేరే చట్టం చేసింది. ఇద్దత్ గడువు వరకే భరణం అన్నట్లు దానిని చాలామంది అర్థం చేసుకున్నారు.

2001లో ఐదుగురు జడ్జీలు డానియల్ లతీఫీ కేసులో ఆ చట్టాన్ని కొట్టివేయలేదు. అందులోని మాటలనే జాగ్రత్తగా చదివారు. ఏర్పాటు చేయవలసింది ఇద్దత్ గడువు లోపల, కాని ఆ ఏర్పాటు ఆమె ముందు జీవితానికంతటికీ సరిపోయేదిగా ఉండాలి అన్నారు. పార్లమెంటు మర్యాద నిలిచింది, ఆ తల్లి అన్నమూ నిలిచింది. సంయమనమంటే చేతకానితనం కాదని చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు తోచడం లేదు.

2017లో ఒకేసారి మూడు తలాఖ్‌ల కేసులో ఐదుగురు జడ్జీలు 3-2గా చీలారు. ముగ్గురు అది చెల్లదన్నారు. ప్రధాన న్యాయమూర్తి ఖేహర్, తర్వాత 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్, ఇది పార్లమెంటు చేయవలసిన పని, అప్పటిదాకా ఆరు నెలలు ఆ పద్ధతిని ఆపుదామన్నారు. రెండు వాదాలూ ఒకే తీర్పులో పక్కపక్కనే ఉన్నాయి. 2019లో పార్లమెంటు దానిని నేరం చేస్తూ చట్టం తెచ్చింది. 2024 జూలై 10న, మన తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ 1986 చట్టం ఉన్నా సాధారణ చట్టం కింద కూడా మనోవర్తి అడగవచ్చునని సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక రిజర్వేషన్ల సంగతి. ఇందులో కోర్టు, శాసనసభ స్థానాలు తారుమారయ్యాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం ఇస్తూ జీవో తెచ్చింది. వెనుకబడిన తరగతుల కమిషన్‌ను అడగలేదని హైకోర్టు అదే సంవత్సరం కొట్టివేసింది. 2005లో కమిషన్ నివేదికతో చట్టం వచ్చింది. సమాజం మొత్తాన్ని ఒకే ముద్దగా తీసుకున్నారని, వెనుకబాటును సరిగా లెక్కించలేదని మళ్ళీ కొట్టివేసింది. 2007లో ఖురేషీ, లబ్బి, ఫకీరు, అత్తరు సాయిబులు వంటి వెనుకబడిన వర్గాలను విడిగా గుర్తించి, సయ్యద్, మొగల్, పఠాన్ వంటివారిని మినహాయించి, బి.సి.-ఇ కింద 4 శాతం ఇచ్చారు. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు జడ్జీల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో దానినీ కొట్టివేసింది. 2010 మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి ఆ వర్గాలకు రిజర్వేషన్ కొనసాగనిచ్చి, కేసును రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఎందరో పిల్లలు ఆ ఉత్తర్వు నీడలోనే డాక్టర్లు, ఇంజనీర్లు, టీచర్లు అయ్యారు.

ఇప్పుడు ఆలోచించండి. షాబానో కేసులో మనవారు అన్నారు, కోర్టు జోక్యం తగదు, శాసనసభే చేయాలి అని. రిజర్వేషన్ కేసులోనూ అన్నారు, శాసనసభ ఇచ్చింది, కోర్టు ఎందుకు తీయాలి అని. కాని నిర్బంధ చట్టాల విషయంలో, ఇళ్ళు కూల్చే విషయంలో, కోర్టు ఎందుకు ఊరకున్నది అంటారు. ఇలా మనవారే కాదు, దేశంలో ప్రతి వర్గమూ, ప్రతి పార్టీ ఇలాగే మాట్లాడుతున్నది. గెలిచిననాడు కోర్టు గొప్పది, ఓడిననాడు హద్దు మీరింది. ఇది సిద్ధాంతం కాదు, అవసరం.

అయితే కొలబద్ద ఏమిటి? మాకు తోచినది చెబుతాము. కోర్టు ముందు నిలబడినవాడికి న్యాయం అడగడానికి ఇంకొక గుమ్మం ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. పన్నులు, ప్రాజెక్టులు, ధరలు, పథకాలు, వీటి మీద కోపం వస్తే ఐదేళ్ళకొకసారి ఓటుతో మార్చుకోవచ్చు. అక్కడ కోర్టు వెనక్కి తగ్గడం మర్యాద. కాని చీకటి గదిలో ఉన్న నిర్బంధితుడికి, జామీను లేని పేద ఖైదీకి, చెప్పాపెట్టకుండా ఇల్లు కూల్చబడినవాడికి ఏ శాసనసభ ఉన్నది? అక్కడ కోర్టు వెనక్కి తగ్గితే ఇక ఎవరూ లేరు. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు, నిందితుడన్న కారణంతో ఇల్లు కూల్చరాదని, 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని, అతను చెప్పేది వినాలని ఆదేశించింది. రోడ్లు, చెరువులు వంటి చోట్ల ఆక్రమణలకు ఆ రక్షణ లేదని కూడా చెప్పింది. నోటీసు, విచారణ, ఇవి 1950లో ఫజల్ అలీ అడిగినవే కదా.

ఈ కొలబద్ద మనకు నచ్చినట్లయితే, దానిని మన ఇంట్లో కూడా పట్టాలి. దేశంలో మనం కొద్దిమందిమి కనుక ఎక్కువమంది మాట మీదనే అన్నీ నడవరాదని కోర్టును వేడుకుంటాము. మన సమాజంలో దిక్కులేని విడాకుల ఆడబిడ్డ కూడా అదే స్థితిలో ఉన్నది. జమాత్ పెద్దలలో ఆమె లేదు, తీర్మానాలు చేసేవారిలో ఆమె లేదు. ఆమె మేజిస్ట్రేటు గుమ్మం ఎక్కితే, సమాజం పరువు తీసిందని అనడం న్యాయం కాదు. ఆమె అక్కడికి పోకుండా చూడాలంటే ఒకటే దారి: ఆమెకు రావలసినది మనమే ముందుగా, గౌరవంగా ఇప్పించడం. ఈ మాట కొందరికి చేదుగా ఉండవచ్చు, కాని ఇలాంటి సభలో చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతాము?

మరొక సంగతి. రిజర్వేషన్ కేసులలో హైకోర్టు మూడు సార్లూ అడిగింది ఆధారాలు, సర్వేలు, లెక్కలు. ఆ ప్రశ్నల కాఠిన్యం మీద మాకు భిన్నాభిప్రాయముంది. ప్రభుత్వ పథకాలన్నింటినీ అంత గట్టిగా తూచరు. అయినా ఉపన్యాసాలకు కోర్టులో విలువ లేదు, కాగితానికి ఉన్నది. ఎన్ని కుటుంబాలున్నాయి, ఎవరు ఏ వృత్తిలో ఉన్నారు, ఎందరు పిల్లలు బడి మానేశారు, ఈ వివరాలు ఊరూరా సంఘాల వద్ద రిజిస్టర్లలో ఉంటే, రేపు కమిషన్ వచ్చినా కోర్టు అడిగినా చూపవచ్చు. మన సంఘం యువకులు సెలవులలో ఈ పని చేపట్టాలని కోరుతున్నాము. అలాగే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా స్త్రీలకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవారికి, పేదలకు ఉచితంగా వకీలు దొరుకుతాడని ప్రతి ఇంటికీ తెలియాలి.

తీర్పులు రాత్రికి రాత్రి ప్రపంచాన్ని మార్చవు. ఫజల్ అలీ మాట నిలవడానికి 28 ఏళ్ళు, సుబ్బారావుగారి మాట నిలవడానికి 55 ఏళ్ళు పట్టింది. వాళ్ళు ఆ రోజు ఓడిపోయారు, అయినా సరిగా వ్రాసి పెట్టారు కనుక తర్వాతివారికి ఆధారం దొరికింది. మన పిల్లలలో కొందరైనా లా చదవాలి. జడ్జీలు కావాలి. అయినప్పుడు ఎవరి పేరూ చూడకుండా, ఎవరికీ భయపడకుండా వ్రాయాలి.